అణు విద్యుత్తు కావాలా, వద్దా: దేన్ని దేనితో పోల్చి తేల్చుకోవాలి?

అణు విద్యుత్తు మీద వాదన మొదలైతే రెండు మాటలు ముందుగా వినిపిస్తాయి. ఒకరు "చెర్నోబిల్ మర్చిపోయారా?" అంటారు. ఇంకొకరు "ఫుకుషిమాలో రేడియేషన్ వల్ల పోయినట్టు ప్రభుత్వం ఒప్పుకున్నది ఒక్కరినే కదా" అంటారు. మొదటిది 1986లో అప్పటి సోవియట్ యూనియన్‌లో, రెండోది 2011లో జపాన్‌లో జరిగిన అణు కేంద్ర ప్రమాదం. రెండూ నిజాల మీద నిలబడ్డ మాటలే. అయినా మనం తేల్చుకోవాల్సిన ప్రశ్న రెండింటిలోనూ లేదు. రియాక్టర్, అంటే అణు ఇంధనంతో వేడి పుట్టించే యంత్రం, వద్దనుకుంటే ఆ కరెంటు ఎక్కడి నుంచి తెస్తాం? కావాలనుకుంటే ఎలాంటి రియాక్టర్, ఎవరి నిఘాలో, పక్కన బతికేవాళ్లకు ఏ ఏర్పాట్లతో? ఏ ముప్పూ లేని విద్యుత్తు ఇంతవరకూ ఎవరూ తయారు చేయలేదు. కాబట్టి ఒక ముప్పును మరో ముప్పు పక్కన పెట్టి చూడక తప్పదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బొగ్గు ఇంకా మండుతుండగా, తనిఖీల్లో నెగ్గుతూ నడుస్తున్న రియాక్టర్‌ను మూసేయడం తప్పు. కొత్తగా కట్టే విషయంలో మాత్రం జవాబు చోటును బట్టి, నియంత్రణ సంస్థను బట్టి, పెట్టే డబ్బును బట్టి మారిపోతుంది. ఎందుకలా అంటున్నానో కింద చదివి మీరే తూచుకోండి.

ముందు మోతాదు అడగండి

"రేడియేషన్ లీకైంది", "మామూలు కంటే వంద రెట్లు పెరిగింది" అని వార్త వస్తే మొదట అడగాల్సింది ఒకటే: ఎన్ని మిల్లీసీవర్ట్లు, ఎంతకాలంలో? రేడియేషన్ ఒంటికి చేయగల హానిని కొలిచే ప్రమాణం సీవర్ట్. అందులో వెయ్యో వంతు మిల్లీసీవర్ట్. నేల నుంచి, ఆకాశం నుంచి, పీల్చే గాలిలోని రేడాన్ వాయువు నుంచి మనిషికి ఏడాదికి ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్ట్లు ఎలాగూ తగులుతుంటాయి. ఛాతీ ఎక్స్‌రేతో తగిలేది 0.1 లేదా ఇంకా తక్కువ. పొట్టకు తీసే సీటీ స్కాన్‌తో 8 నుంచి 10 దాకా ఉంటుంది. విమానాల్లో పనిచేసేవారికి ఏడాదికి 2 నుంచి 5 అదనం. అణు కేంద్రాల వంటి వాటి వల్ల సామాన్యులకు ఏడాదికి 1 మిల్లీసీవర్ట్‌కు మించి తగలకూడదని అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ సిఫార్సు. అక్కడి ఉద్యోగులకైతే ఐదేళ్ల సగటు మీద ఏడాదికి 20. సవ్యంగా నడిచే కేంద్రం చుట్టుపక్కల వాళ్లకు అందేది ఆ 1లో చిన్న భాగమే.

ఆ 1ని చాలామంది ప్రాణానికి గీసిన గీత అనుకుంటారు. అది కంపెనీలను అదుపులో ఉంచడానికి పెట్టిన కట్టడి. దాన్ని దాటిన మనిషికి జబ్బు రాసిపెట్టి ఉందని అర్థం కాదు.

అసలు గొడవంతా చిన్న మోతాదుల దగ్గరే ఉంది. హిరోషిమా, నాగసాకిల్లో బతికి బయటపడ్డవారి ఆరోగ్యాన్ని 1950 నుంచి గమనిస్తూ వచ్చారు. మోతాదు 100 మిల్లీసీవర్ట్లు దాటితే క్యాన్సర్ పెరగడం స్పష్టంగా కనిపిస్తుంది. అంతకన్నా తగ్గేకొద్దీ ఆ పెరుగుదల, మామూలుగా వచ్చే క్యాన్సర్ల మధ్య విడదీయలేనంతగా కలిసిపోతుంది. అమెరికా జాతీయ అకాడమీల నిపుణుల సంఘం 2006లో ఇచ్చిన అంచనా గుర్తుపెట్టుకోదగ్గది: 100 మందికి తలా 100 మిల్లీసీవర్ట్లు తగిలితే, వాళ్లలో ఒకరికి దాని వల్ల జీవితకాలంలో క్యాన్సర్ రావచ్చు. ఆ వందమందిలోనే ఇతర కారణాలతో క్యాన్సర్ వచ్చేవాళ్లు సుమారు 42 మంది.

అంతకన్నా చిన్న మోతాదుల మీద ఆధారాలు రెండు వైపులా ఉన్నాయి. ఫ్రాన్స్, బ్రిటన్, అమెరికాల్లో 3 లక్షలకు పైగా అణు కార్మికులను గమనించిన అధ్యయనం 2023లో తాజా ఫలితాలు ఇచ్చింది. వాళ్ల ఉద్యోగకాలం మొత్తంలో తగిలిన సగటు మోతాదు దాదాపు 20 మిల్లీసీవర్ట్ల స్థాయిలోనే ఉన్నా, మోతాదుతో పాటు క్యాన్సర్ మరణాలు కొద్దికొద్దిగా పెరగడం అందులో కనిపించింది. ఆ సగటు కార్మికుడి మట్టుకు చూస్తే పెరుగుదల ఒక శాతం దరిదాపుల్లో ఉంటుంది. మరోవైపు, కేరళ తీరంలోని కరునాగపల్లిలో మోనజైట్ ఇసుక వల్ల సహజ రేడియేషన్ ప్రపంచ సగటుకు ఎన్నో రెట్లు ఉన్నా, అక్కడి జనంలో క్యాన్సర్ ఎక్కువగా ఉన్నట్టు అధ్యయనాల్లో తేలలేదు. జర్మనీలో 2007లో వచ్చిన అధ్యయనం ఇంకో చిక్కు తెచ్చింది. అణు కేంద్రాలకు 5 కిలోమీటర్ల లోపు ఉండే ఐదేళ్ల లోపు పిల్లల్లో రక్త క్యాన్సర్ ఎక్కువగా కనిపించింది. కానీ అక్కడ కొలిచిన రేడియేషన్ అందుకు కారణం కాగలిగేంత లేదు. కారణం ఇప్పటికీ తేలలేదు. అణు విద్యుత్తును సమర్థించేవాళ్లు ఈ అధ్యయనాన్ని దాటేసి పోవడం నాకు నచ్చదు. తల్లిదండ్రులు దాని గురించి అడిగితే "లెక్క తేలలేదు" అని నిజాయితీగా చెప్పాలి.

నా సలహా ఇది. ఎంత చిన్న మోతాదైనా దానికి తగ్గ చిన్న హాని ఉంటుందనే అనుకోండి. నియంత్రణ సంస్థలు కూడా అదే పద్ధతిలో లెక్క వేస్తాయి. ఆ జాగ్రత్త లెక్కతో చూసినా అణు విద్యుత్తు ఎక్కడ నిలుస్తుందన్నదే పోలికకు గట్టి పునాది.

ఒక్కో యూనిట్‌కు ఎంత ప్రాణనష్టం

ప్రమాదాలు, గాలి కాలుష్యం అన్నీ కలిపి, వంద కోట్ల యూనిట్ల కరెంటుకు ఎంతమంది చనిపోతారన్న అంచనాలు ఉన్నాయి. ఎక్కువగా ఉదహరించే లెక్క ప్రకారం బొగ్గుకు దాదాపు 25 మంది, చమురుకు 18, సహజవాయువుకు సుమారు 3, జలవిద్యుత్తుకు 1.3. గాలి, అణు, సౌర విద్యుత్తులు మూడూ 0.02 నుంచి 0.04 మధ్యే ఉన్నాయి. చెర్నోబిల్, ఫుకుషిమా మరణాలను కలిపాకే అణు విద్యుత్తుకు ఆ అంకె వచ్చింది.

"చెర్నోబిల్ మరణాలను తక్కువ చేసి చూపించారు" అన్న అభ్యంతరం ఇక్కడ తప్పకుండా వస్తుంది. అది అడగాల్సిన ప్రశ్నే. 1986 ఏప్రిల్ 26న అక్కడి నాలుగో రియాక్టర్ పేలినప్పుడు ఇద్దరు చనిపోయారు. తీవ్ర రేడియేషన్ జబ్బు నిర్ధారణ అయిన 134 మంది సిబ్బంది, అగ్నిమాపకుల్లో 28 మంది కొద్ది నెలల్లోనే పోయారు. కలుషితమైన పాలు తాగిన పిల్లల్లో థైరాయిడ్ క్యాన్సర్ వచ్చింది. అప్పటికి 18 ఏళ్ల లోపు ఉన్నవారిలో 2005 నాటికి 6,000కు పైగా కేసులు బయటపడ్డాయి, వాటిలో 15 మరణాలు. మెల్లగా వచ్చే క్యాన్సర్ల దగ్గరికి వచ్చేసరికి అంచనాలు చెదిరిపోతాయి. ఎక్కువ రేడియేషన్ తగిలిన 6 లక్షల మందిలో చివరికి 4,000 దాకా మరణాలు ఉండొచ్చని ఐక్యరాజ్యసమితి సంస్థలతో కూడిన చెర్నోబిల్ ఫోరం అంది. యూరప్ మొత్తానికి 2065 దాకా లెక్కేసి 16,000 అని ఇంకో అంచనా. పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ 93,000 అంది. ఎంత దూరం దాకా, ఎంత చిన్న మోతాదు దాకా లెక్కలోకి తీసుకున్నారన్న దాన్ని బట్టే ఇంత తేడా వచ్చింది.

అన్నిటికంటే పెద్ద అంకెనే తీసుకుని చూద్దాం. ప్రపంచంలో ఇప్పటిదాకా తయారైన అణు విద్యుత్తు సుమారు లక్ష టెరావాట్ అవర్లు. ఒక టెరావాట్ అవర్ అంటే వంద కోట్ల యూనిట్లు. 93,000 మరణాలను దాని మీద పంచితే వంద కోట్ల యూనిట్లకు ఒకటి కూడా నిండదు. సహజవాయువు కంటే తక్కువ, బొగ్గులో ఇరవయ్యో వంతుకు కూడా రాదు. విమర్శకుల అంకెతోనే లెక్క కట్టినా బొగ్గు దగ్గరికి అణు విద్యుత్తు చేరడం లేదు. నాకు ఈ వాదనలో అన్నిటికంటే బరువైన విషయం ఇదే.

జలవిద్యుత్తు అంకె వెనకా ఒక మహావిపత్తు ఉంది. 1975లో చైనాలో తుపాను వానలకు బాన్‌చియావ్ ఆనకట్ట తెగిపోయింది. ఆ వరదలో, తర్వాత వచ్చిన కరువులో, అంటురోగాల్లో చనిపోయినవాళ్ల అంచనాలు పదుల వేల నుంచి లక్షన్నర పైదాకా ఉన్నాయి. చెర్నోబిల్ పేరు తెలిసినవాళ్లలో ఈ ఆనకట్ట పేరు విన్నవాళ్లు ఎంతమంది? మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ స్లోవిక్ 1987లోనే దీన్ని వివరించారు. కంటికి కనపడనిది, మన అదుపులో లేనిది, ఒక్కసారిగా ఎంతోమందిని కమ్మేసేది అయితే మరణాల లెక్కతో సంబంధం లేకుండా జనం ఎక్కువ భయపడతారు. ఆ భయాన్ని తెలివితక్కువతనం అనుకోకూడదు. అడగకుండా నెత్తిన పెట్టిన ముప్పుకూ, తెలిసి ఒప్పుకున్న ముప్పుకూ తేడా ఉందని జనం సరిగ్గానే గుర్తిస్తున్నారు.

చావుల లెక్కలో కనిపించని నష్టం

అణు ప్రమాదం ప్రధానంగా తీసుకునేది ఊళ్లను. చెర్నోబిల్ చుట్టూ 1986లో సుమారు 1,15,000 మందిని తరలించారు. తర్వాతి ఏళ్లలో ఇంకో 2,20,000 మంది ఇళ్లు వదిలారు. ప్రమాదంలో వెలువడే రేడియోధార్మిక పదార్థాల్లో అయోడిన్-131 సగం తరగడానికి 8 రోజులు చాలు గానీ, నేలలో దిగిన సీజియం-137కు 30 ఏళ్లు పడుతుంది. సౌర ఫలకాలు కూలినా, గాలిమర విరిగినా ఒక పట్టణం ఖాళీ కాదు. యూనిట్‌కు మరణాల లెక్కలో ఈ మూడూ ఒకే వరుసలో ఉన్నా, ఎంపిక దగ్గర వాటిని సమానంగా చూడకూడదని నేననేది ఇందుకే.

ఫుకుషిమాను కాస్త నిదానంగా చూడాలి. 2011 మార్చి 11న 9.0 తీవ్రతతో భూకంపం వచ్చింది. రియాక్టర్లు సరిగ్గానే ఆగిపోయాయి. కానీ ఇంధనంలో పరమాణువులు ఒకదాని వెంట ఒకటి చీలే గొలుసు చర్య ఆగినా ఇంధనం చల్లారదు. ఆగిన క్షణంలో కూడా పూర్తి శక్తిలో 6 నుంచి 7 శాతం వేడి పుడుతూనే ఉంటుంది, రోజుల తరబడి నీళ్లు తిరుగుతుండాలి. సుమారు 14 మీటర్ల ఎత్తున వచ్చిన సునామీ, పల్లపు గదుల్లో పెట్టిన డీజిల్ జనరేటర్లను ముంచేసింది. మూడు రియాక్టర్లలో ఇంధనం కరిగింది. ఆ కేంద్రం కట్టేటప్పుడు సముద్రం ఒడ్డున 35 మీటర్ల ఎత్తు ఉన్న గట్టును 10 మీటర్లకు తవ్వేశారు. 15 మీటర్లకు పైగా సునామీ రావచ్చని దాన్ని నడిపే కంపెనీ సొంత లెక్కల్లోనే 2008లో తేలింది. అయినా సముద్రాన్ని ఆపే గోడ ఎత్తు పెంచలేదు. అదే తీరంలో, భూకంప కేంద్రానికి ఇంకా దగ్గరగా ఉన్న ఒనగావా కేంద్రాన్ని దాదాపు 15 మీటర్ల ఎత్తులో కట్టారు. యానోసుకే హిరాయ్ అనే ఇంజనీరు ఆ ఎత్తు కోసం పట్టుబట్టారు. రియాక్టర్లు క్షేమంగా ఆగాయి. ఇళ్లు పోగొట్టుకున్న 300 మందికి పైగా ఊరివాళ్లు ఆ కేంద్రం ఆవరణలోనే తలదాచుకున్నారు. ఒకే దేశం, ఒకే సునామీ. జపాన్ పార్లమెంటు నియమించిన విచారణ సంఘం 2012లో ఫుకుషిమాను మనుషులు చేసుకున్న విపత్తు అని తేల్చింది. నియంత్రించాల్సినవాళ్లు, కంపెనీవాళ్లు కుమ్మక్కయ్యారని రాసింది.

ఆ తర్వాత జరిగింది ఇంకా బాధ కలిగిస్తుంది. లక్షన్నరకు పైగా జనం ఇళ్లు వదిలారు. ఆసుపత్రుల నుంచి, వృద్ధాశ్రమాల నుంచి మందులు, వైద్యులు లేకుండా హడావిడిగా బస్సుల్లో ఎక్కించిన రోగుల్లో 50 మందికి పైగా ఆ ప్రయాణంలో, ఆ తర్వాత రోజుల్లో చనిపోయారు. తరలింపు ఒత్తిడి, తెగిపోయిన వైద్యం, ఒంటరితనం వంటి కారణాలతో ఫుకుషిమా రాష్ట్రంలో నమోదైన మరణాలు 2,300 దాటాయి. తరలించిన ప్రాంతాల్లో పెద్దవాళ్లకు తొలి ఏడాది సగటున తగిలిన మోతాదు 10 మిల్లీసీవర్ట్ల లోపే, అంటే ఒక సీటీ స్కాన్ స్థాయి. పడక మీదున్న ముసలివాళ్లకు ఆ మోతాదు కంటే బస్సు ప్రయాణమే ఎక్కువ ప్రమాదమైంది.

పిల్లల థైరాయిడ్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఫుకుషిమాలో 3 లక్షల మంది పిల్లలకు అల్ట్రాసౌండ్ పరీక్షలు చేస్తే అనుకున్నదానికంటే ఎక్కువ క్యాన్సర్లు బయటపడ్డాయి. అంత సున్నితమైన పరీక్ష అంతమందికి చేయడమే దానికి కారణమని ఐక్యరాజ్యసమితి శాస్త్రీయ కమిటీ తేల్చింది. ఏ అణు ప్రమాదమూ జరగని దక్షిణ కొరియాలో ఇలాంటి పరీక్షలు పెరిగాక థైరాయిడ్ క్యాన్సర్ నిర్ధారణలు 1993తో పోలిస్తే 2011 నాటికి 15 రెట్లయ్యాయి. మరణాలు మాత్రం పెరగలేదు.

వ్యర్థం, డబ్బు, కాలం

వ్యర్థాల మీద భయం ఎక్కువ, వాటి పరిమాణం తక్కువ. వెయ్యి మెగావాట్ల రియాక్టర్ ఏడాదికి 20 నుంచి 25 టన్నుల వాడేసిన ఇంధనం వదులుతుంది. అంతే సామర్థ్యమున్న బొగ్గు కేంద్రం లక్షల టన్నుల బూడిద, దాంతో పాటు పొగ వదులుతుంది. అయితే ఆ 20 టన్నుల్లోని ప్లుటోనియం-239 సగం తరగడానికే 24,000 ఏళ్లు. ఫిన్లాండ్ దాన్ని భూమి లోపల 400 మీటర్లకు పైగా లోతున పాత రాతిలో పాతిపెట్టడానికి సొరంగాలు తవ్వింది. సాంకేతికంగా దారి ఉంది. చాలా దేశాలు ఆ పనిని వాయిదా వేస్తూ పోవడమే నన్ను కలవరపెడుతుంది.

అణు విద్యుత్తు పక్షం నిజంగా బలహీనపడేది డబ్బు దగ్గర. ఫిన్లాండ్‌లో ఓల్కిలువొటో మూడో రియాక్టర్ నిర్మాణం 2005లో మొదలైంది. 2009లో నడవాల్సింది 2023లో నడిచింది. అమెరికాలో వోగ్టల్ కేంద్రంలో రెండు కొత్త రియాక్టర్ల ఖర్చు 3,000 కోట్ల డాలర్లు దాటిపోయింది. ఆ కాలంలోనే సౌర విద్యుత్ ధర దాదాపు పదో వంతుకు పడిపోయింది.

ఏ సందర్భంలో ఏది ఎంచుకోవాలి

నడుస్తున్న రియాక్టర్‌ను మూయాలా అన్నది ప్రశ్న అయితే, మూసిన మర్నాడు గ్రిడ్‌లో దాని స్థానంలో ఏది మండుతుందో చూడండి. జర్మనీ 2011లో ఎనిమిది రియాక్టర్లను ఆపేసి, 2023 ఏప్రిల్ 15న చివరి మూడింటిని మూసింది. ఆ లోటులో పెద్ద భాగం బొగ్గు, గ్యాస్ పూడ్చాయని, పెరిగిన కాలుష్యం వల్ల ఏడాదికి సుమారు 1,100 అదనపు మరణాలు జరిగాయని ముగ్గురు ఆర్థికవేత్తలు అంచనా వేశారు. ముందు బొగ్గు, తర్వాత అణు. మూయాల్సిన వరుస ఇదేనని నా గట్టి నమ్మకం.

రియాక్టర్ వయసు మీరిందంటే, రేడియేషన్ బయటికి పోకుండా దాని చుట్టూ కట్టే గట్టి కంటైన్‌మెంట్ భవనం ఉందో లేదో ముందు కనుక్కోండి. 1979లో అమెరికాలోని త్రీ మైల్ ఐలండ్ కేంద్రంలోనూ ఇంధనం కరిగింది. భవనం నిలబడింది కాబట్టి చుట్టుపక్కల వాళ్లకు తగిలిన సగటు మోతాదు ఛాతీ ఎక్స్‌రే స్థాయి దాటలేదు. చెర్నోబిల్‌లో అలాంటి భవనమే లేదు. అది లేని డిజైన్‌కు ఇంకో పదేళ్ల గడువు అడిగితే వద్దనండి.

కొత్త రియాక్టర్ ప్రతిపాదన వచ్చినప్పుడు, అదే డబ్బుతో సౌర, పవన విద్యుత్తులు, నిల్వ బ్యాటరీలు ఎంత బొగ్గును ఎన్నేళ్లలో తప్పిస్తాయో పక్కపక్కన పెట్టి చూపమని అడగండి. ఎండ, గాలి పుష్కలంగా ఉండి, పెద్ద గ్రిడ్ ఉన్నచోట చాలాసార్లు అవే ముందుకొస్తాయి. చలికాలం పొడుగ్గా, చీకటిగా ఉండే చోట, స్థలం తక్కువగా ఉన్నచోట, పగలూ రాత్రీ ఆగని పరిశ్రమల కోసం అణు విద్యుత్తు బలం పెరుగుతుంది. కర్బన ఉద్గారాల్లో అది గాలి విద్యుత్తుతో సమానం.

ప్రజాభిప్రాయ సేకరణకు వెళ్తే "సురక్షితమేనా?" అని అడగొద్దు. అందుకు అందరూ అవుననే అంటారు. నియంత్రణ సంస్థ ఏ మంత్రిత్వ శాఖ కింద ఉంది, రియాక్టర్‌ను ఆపించిన సందర్భాలున్నాయా అని అడగండి. బయటి కరెంటు పోతే మనిషి చెయ్యి పడకుండా ఎన్ని గంటలు చల్లబడుతుంది? కొత్త డిజైన్లలో కొన్ని 72 గంటలు అలా నిలబడేలా కట్టారు. జనరేటర్లు ఏ ఎత్తులో ఉన్నాయి? ప్రమాదం జరిగితే పరిహారం ఏ పరిమితి దాకా, ఎవరి జేబు నుంచి? ఈ ప్రశ్నలకు కాగితం మీద జవాబు రాకపోతే, డిజైన్ ఎంత మంచిదైనా ఆ ప్రతిపాదనను నేను సమర్థించను.

యుద్ధం వచ్చే అవకాశాన్ని ఈ లెక్కల్లో ఇదివరకు పెద్దగా పట్టించుకోలేదు. 2022 మార్చి నుంచి ఉక్రెయిన్‌లోని జపోరిజియా అణు కేంద్రం రష్యా సైన్యం చేతుల్లో ఉంది. దానికి బయటి కరెంటు ఎన్నోసార్లు తెగిపోయింది. 2023 జూన్‌లో అదే యుద్ధంలో కఖోవ్కా ఆనకట్ట కూలి దిగువ ఊళ్లు మునిగాయి, ఆ కేంద్రం వాడుకునే జలాశయమూ ఎండిపోయింది. సరిహద్దు ఉద్రిక్తంగా ఉన్నచోట పెద్ద కేంద్రానికి, పెద్ద ఆనకట్టకు రెండింటికీ ఈ ప్రశ్న వేయాల్సిందే.

రియాక్టర్ దగ్గర్లోనే ఉంటే

ప్రమాద హెచ్చరిక వస్తే పారిపోవాలా, ఇంట్లోనే ఉండాలా? కేంద్రానికి కొద్ది కిలోమీటర్లలో ఉండి, రేడియేషన్ బయటికి రాకముందే తరలింపు ఆదేశం వస్తే వెళ్లిపోవడం మేలు. అంతకన్నా దూరంలో ఉండి, రేడియోధార్మిక మేఘం ఇప్పటికే కదులుతోందని చెబితే, ఇటుక లేదా కాంక్రీటు ఇంట్లో తలుపులు, కిటికీలు మూసుకుని ఉండటం దారిలో చిక్కుకోవడం కంటే మంచిది. అధికారుల ఆదేశం ఏదైతే దాన్నే పాటించండి. మేఘం దాటాక స్థానిక పాలు, ఆరుబయట పెరిగిన ఆకుకూరలు తినడం ఆపేయాలి. చెర్నోబిల్‌లో పిల్లల్ని దెబ్బతీసింది ముఖ్యంగా పాలే.

అయోడిన్ మాత్రలు థైరాయిడ్‌ను మాత్రమే, అదీ రేడియోధార్మిక అయోడిన్ నుంచి మాత్రమే కాపాడతాయి. సీజియం మీద పనిచేయవు. రేడియేషన్ చేరడానికి కొంచెం ముందో, చేరిన కొద్ది గంటల్లోనో వేసుకుంటేనే ఉపయోగం. పిల్లలకు, గర్భిణులకు అవి ముందు అందాలి. నలభై దాటినవాళ్లకు లాభం తక్కువ. అయోడిన్ ఉప్పు ఎక్కువ తినడం దీనికి బదులు కాదు.

మీ ఇంట్లో మంచం మీదున్న పెద్దవాళ్లుంటే, లేదా దగ్గర్లో వృద్ధాశ్రమం ఉంటే, వాళ్లను ఏ వాహనంలో, ఏ వైద్యుడితో, ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారో స్థానిక అత్యవసర ప్రణాళికలో రాసి ఉందో లేదో ఇప్పుడే అడిగి చూడండి. రాసి లేకపోతే రాసేదాకా అడుగుతూనే ఉండండి.